పురిటింటికి చుట్టాలు

సంక్రాంతి సెలవుల్లో నేలపట్టు వెళ్దామనుకున్నాం. పిల్లల సెలవులు, మావారి ఆఫీసు, మరిదిగారి వీలు అన్నీ కలిపి రోజు కుదిర్చేసరికి పెళ్లి ముహూర్తం పెట్టినంత పనైంది. ఆ పక్షుల వీలు మాత్రం ఎవరికీ తోచలేదు!

సూళ్ళూరుపేట దగ్గరి ఆ చెరువులో, నీళ్ళలో నిలబడి పెరిగే చెట్ల మీద గూడబాతులు కాపురం పెడతాయి. అక్టోబరు మొదలు మార్చి దాకా గుడ్లు పొదగడం, ముక్కు కింది సంచితో చేపలు పట్టి తెచ్చి పిల్లల్ని సాకడం. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలాలకి బలమని రైతులంటారు. 1976 నుంచీ అది రక్షిత కేంద్రం. ఒకరకంగా పురిటిల్లే. మనింట్లో బాలింత ఉంటే వాకిట్లో చెప్పుల చప్పుడైనా విసుక్కుంటాం కదా!

గట్టు మీద కాసేపు బుద్ధిగానే నిలబడ్డాం. ఇంతలో మా మరిది కొడుకు, "ఎగిరితే ఎంత బావుంటుందో పెద్దమ్మా!" అంటూ చప్పట్లు కొట్టాడు. దగ్గరి చెట్టు మీంచి నాలుగైదు పక్షులు లేచాయి.

వాణ్ణి గట్టిగా కసిరాను. తల్లి లేచిపోతే గుడ్లకి ఎండ తగులుతుందనీ, కాకులు కాచుకుని ఉంటాయనీ దారి పొడుగునా చెప్పిందాన్ని నేనే. కానీ నిజం చెప్పొద్దూ, ఆ రెక్కలు విచ్చుకున్నంతసేపూ నేను కన్నార్పలేదు. చప్పట్లు కొట్టింది వాడు. కడుపునిండా చూసింది నేను. ఇందులో నా వాటా ఎంతో మీరే చెప్పండి.

తిరుగు ప్రయాణంలో వాడు నెమ్మదిగా, "నీకూ బావుంది కదూ పెద్దమ్మా?" అన్నాడు.

పులిహోర పొట్లం విప్పి వాడి చేతిలో పెట్టాను.