ఇంటి పెద్దను అడిగేదెవరు?

మంచి ప్రభుత్వం ఎలా ఉండాలని ఆలోచించిన రచయితలు కొందరు చివరకు ఒక దీవిని ఊహించుకున్నారు. చుట్టూ సముద్రం ఉంటే బయటి గాలి సోకదు, అన్నీ కొత్తగా మొదలుపెట్టవచ్చు. అలాంటి ఊహాద్వీపాలలో బాగా పేరుపడినది యుటోపియా. ఇంగ్లండుకు చెందిన థామస్ మోర్ లాటిన్‌లో రాసిన ఆ పుస్తకం 1516లో అచ్చయింది. గ్రీకు మాటలనుంచి కల్పించిన ఆ పేరుకు 'ఎక్కడా లేని చోటు' అని అర్థం. అక్కడ ఎవరికీ సొంత ఆస్తి లేదనీ, రోజుకు ఆరుగంటలే పని అనీ అందరూ చెప్పుకుంటారు. ఆ దీవిలో సంసారాలు ఎలా నడుస్తాయో అంతగా చెప్పుకోరు. మనవంటి కుటుంబీకులు ఆలోచించవలసింది ఆ సంగతే.

యుటోపియాలో 54 పట్టణాలు, పట్టణానికి 6000 కుటుంబాలు. ఒక్కొక్క ఇంట్లో పెద్దవాళ్ళు పదిమందికి తగ్గకూడదు, పదహారుమందికి మించకూడదు. పెళ్ళయిన ఆడపిల్ల అత్తవారింటికి వెళ్ళిపోతుంది. కొడుకులూ మనుమలూ పుట్టిన ఇంట్లోనే ఉండి, వయసులో అందరికన్నా పెద్దవాడి మాట వింటారు. చదువుతూంటే ఇది ఎక్కడి పరాయి దీవి, మన తాతలనాటి ఉమ్మడి కుటుంబమే కదా అనిపిస్తుంది.

ఇక పరిపాలన. ముప్ఫై కుటుంబాలు కలిసి ఏటా ఒక అధికారిని ఎన్నుకుంటాయి. అలాంటి అధికారులు 200 మంది చేరి, రహస్యంగా ఓటువేసి, పట్టణానికి ఏలికను ఎన్నుకుంటారు. ఏలిక పదవి జీవితాంతం ఉంటుంది. కాని నిరంకుశుడు కాబోతున్నాడన్న అనుమానం కలిగితే అతన్ని దించెయ్యవచ్చు. వంశపారంపర్యంగా రాజులు ఏలుతున్న దేశంలో కూర్చుని ఇంత మాట రాయడం సామాన్యం కాదు.

ఇంటిలోపలి సంగతి వేరు. అక్కడ ఎన్నిక లేదు, వయసే అర్హత. ముసలితనంలో మతి తప్పితేనే పెద్దరికం పోతుంది. అప్పుడు కూడా అది వయసులో తరువాతివాడికి వెళుతుంది. భార్యలు భర్తలకు, పిల్లలు తల్లిదండ్రులకు, చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు సేవ చెయ్యాలి. నెలాఖరు పండుగనాడు గుడికి వెళ్ళేముందు భార్యలు భర్తల ఎదుట, పిల్లలు తల్లిదండ్రుల ఎదుట మోకరించి, చేసిన తప్పులు చెప్పుకుని, క్షమించమని వేడుకోవాలి. మరి ఆ భర్త ఎవరి ఎదుట మోకరించాలో మోర్ రాయలేదు.

ఏలికను అనుమానించే హక్కు ఇచ్చిన మనిషి, ఇంటి పెద్దను ప్రశ్నించే హక్కు ఎందుకివ్వలేదు? దీనికి ఒక సమాధానం ఉంది, అది మనందరికీ తెలిసినదే. ఏలికకు మనమీద ప్రేమ ఉండాలని లేదు కనుక అతనికి కట్టుబాట్లు కావాలి. తండ్రికి ప్రేమ ఉంది, అదే కట్టుబాటు. ఇది కొట్టిపారెయ్యదగిన వాదం కాదు. ఇల్లు శాసనసభ కాదు. ఏడేళ్ళ పిల్లవాడు బడి మానేస్తానని ఓటు వేస్తే ఒప్పుకుంటామా?

అయితే ప్రేమ ఉన్నచోట చూపు కూడా సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. మోర్‌కు ఈ సంగతి కొంత తెలిసినట్టే ఉంది. యుటోపియాలో కొడుకు సాధారణంగా తండ్రి పనే నేర్చుకుంటాడు. కాని మనసు మరొక పనిమీద ఉంటే, ఆ పని చేసే ఇంటికి వాణ్ణి దత్తు పంపుతారు. మంచి గృహస్థు దగ్గరకు చేర్చే బాధ్యత తండ్రితోపాటు అధికారులది కూడా. పిల్లవాడు ఏం చదవాలో పుట్టకముందే నిర్ణయమైపోయే ఇళ్ళు మనలో లేకపోలేదు. వాళ్ళు ఈ ఒక్క నియమం గురించి అయినా కాసేపు ఆలోచించాలి.

మన పాత న్యాయశాస్త్రం కూడా పెద్దరికానికి హద్దు గీసింది. ఉమ్మడి కుటుంబంలో కర్త స్థానం ఆనవాయితీగా మగవాళ్ళలో పెద్దవాడిది. అయినా ఉమ్మడి ఆస్తిని అతడు ఇష్టం వచ్చినట్టు అమ్మడానికి వీల్లేదు. కుటుంబ అవసరమో, ఆస్తికి మేలో చూపించాలి. చూపలేకపోతే కన్నకొడుకే కోర్టుకు ఎక్కవచ్చు. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం అప్పటికి పెళ్ళికాని కుమార్తెలకు ఆ ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ అలాంటి హక్కు కల్పించింది. అంటే పెద్దవాణ్ణి అడగగలవాళ్ళలో కూతురు కూడా చేరింది.

పుస్తకంలోకన్నా మోర్ సొంత ఇంట్లో ఈ ప్రశ్నకు మంచి సమాధానం దొరుకుతుంది. ఆ కాలంలో ఆయన కూతుళ్ళకు కొడుకుతో సమానంగా లాటిన్, గ్రీకు చెప్పించాడు. 1534లో ఎనిమిదో హెన్రీ రాజు అందరిచేతా ఒక ప్రమాణం చేయించాడు. అంతరాత్మ ఒప్పుకోక మోర్ నిరాకరించి చెరసాలకు వెళ్ళాడు. పెద్దకూతురు మార్గరెట్ ప్రమాణం చేసింది, తండ్రిని కూడా చెయ్యమని బతిమాలింది. ఆయన వినలేదు. అలాగని తనతోపాటు నిలబడమని ఆమెను శాసించనూ లేదు. ఎవరి అంతరాత్మ వారిదన్నాడు. 1535లో ఆయన తల తీశారు. తండ్రీకూతుళ్ళ ప్రేమ మాత్రం చివరిదాకా చెడలేదు.

సముద్రాలు దాటి వచ్చిన మన ఇళ్ళుకూడా ఒకరకంగా దీవులే. ఊళ్ళో అయితే తండ్రి కోపాన్ని మేనమామ ఆపేవాడు, అత్తగారి మాటకు పక్కింటి పెద్దమ్మ అడ్డుచెప్పేది. ఇక్కడ వాళ్ళెవరూ లేరు. సంపాదించేవాడి మాటే చెల్లుతోంది. ఊళ్ళో పదిమందికి తగవులు తీర్చిన తండ్రిగారు కొడుకు ఇంటికి వచ్చేసరికి గుడికి వెళ్ళాలన్నా ఎవరో ఒకరు కారు తియ్యాలి. ఆయన ఎన్నాళ్ళు ఉండాలో, ఎప్పుడు తిరిగి వెళ్ళాలో, ఊళ్ళో ఇల్లు అమ్మాలో వద్దో ఆయనను అడగకుండానే తేలిపోతుంది. భర్తకు మరో ఊళ్ళో ఉద్యోగం వస్తే భార్య తన ఉద్యోగం వదులుకోవలసివస్తుంది. ఇక్కడ పెద్దరికం వయసునుంచి జీతానికి మారింది. అడిగేవాడు లేని గుణం మాత్రం పోలేదు.

ఇంట్లో ఎన్నికలు పెట్టమని ఎవరూ అనరు. ఎవరి బతుకు మీద నిర్ణయం చేస్తున్నామో వాళ్ళను ముందు అడగాలి, చేశాక కారణం చెప్పాలి, తప్పయితే ఒప్పుకోవాలి. ఏలికనుంచి మనం కోరేది ఇంతే. ఇంటి పెద్దనుంచి ఇంతకన్నా తక్కువ కోరడానికి ప్రేమను సాకుగా చూపించడం న్యాయం కాదు. నెలకొకసారి మోకరించే ఆచారం మనకు అక్కరలేదు. ఒకవేళ పెట్టుకుంటే ఇంటి పెద్దతోనే మొదలుపెట్టడం మంచిది.