ఎవరూ మొక్కని దేవతలు

హోమర్ ఒడిస్సీ మీద మా పిల్లలు చేసుకొచ్చే ప్రాజెక్టులు చూసి నేనెందుకంత సంబరపడతానో ఈమధ్య నన్ను నేనే అడుగుతున్నాను.

ఎమ్మే ఇంగ్లీషు పిల్లలు. ఒకమ్మాయి ఒంటికన్ను రాక్షసుడి తరఫున పోలీసు ఫిర్యాదు రాసింది. ఇంట్లో లేనప్పుడు జొరబడి జున్ను తిన్నారు, తాగించి కన్ను పొడిచారు, ముద్దాయి పేరు 'ఎవడూ కాదు' అని. నగరి మరమగ్గాల ఇంటి కుర్రాడు ఒడిస్యూస్ భార్య పెనెలోపీ నేతకు లెక్క కట్టాడు. పగలు నేసి రాత్రి విప్పుతూ మూడేళ్లు గడిపిందంటాడు హోమర్. అన్నిసార్లు విప్పిన నూలు పీచు లేచి తెగిపోదా, కొత్త నూలు ఎక్కణ్ణుంచి తెప్పించింది, ఎవరూ గమనించలేదా అని వాడి ప్రశ్న. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న నాకు తట్టలేదు. ఇక థర్మోకోల్ చెక్కగుర్రం ప్రతి బ్యాచిలోనూ వస్తుంది. ఇలియడ్ హెక్టర్ అంత్యక్రియలతోనే ముగుస్తుంది నాయనా, గుర్రం అందులో లేదు, ఒడిస్సీలో దెమోదోకస్ అనే గాయకుడు పాడిన పాటలో ఉంది అని నేనూ ప్రతి బ్యాచికీ చెబుతాను. అయినా వస్తుంది.

ఎక్కువ మార్కులు వేసింది మాత్రం ఉరికంబమెక్కిన పన్నెండుమంది దాసీల వాంగ్మూలానికి. ఒడిస్యూస్ ఇల్లు చేరి, పెనెలోపీని పెళ్లాడతామని వచ్చి తిష్ఠ వేసినవాళ్లను చంపాక, వాళ్లతో పడుకున్నారన్న నేరానికి ఆ ఆడపిల్లలను ఉరి తీయిస్తారు. మార్గరెట్ అట్‌వుడ్ 2005లో ఈ దాసీలకు గొంతునిస్తూ ఒక నవలే రాసింది. ఈ వాంగ్మూలం రాసిన అమ్మాయికి ఆ సంగతి తెలియదు. తనే కోపం తెచ్చుకుని రాసింది. ఆ కాగితాలు స్టాఫ్ రూములో అందరికీ చూపించాను.

నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతి ఇక్కడే మొదలవుతుంది. అదే అమ్మాయి శూర్పణఖ వాంగ్మూలం రాసి తెస్తే స్టాఫ్ రూములో చూపించేవాణ్నా?

నేనుండేది తిరుమల కొండ మీద, బాలాజీనగర్‌లో. రోజూ ఘాట్ రోడ్డు దిగి తిరుపతిలో పాఠం చెప్పి వస్తాను. మా కొండ మీద ఇతిహాసం పుస్తకంలో కూర్చోదు. కరోనా కాలంలో 2020లో నాదనీరాజనం వేదిక నుంచి సుందరకాండ పారాయణం జరుగుతుంటే ఇంటింటా టీవీలో విన్నాం. మరుసటి ఏడు శ్రీరామనవమినాడు హనుమంతుడు పుట్టింది అంజనాద్రిలోనేనని దేవస్థానం ప్రకటించింది. ధర్మగిరి వేదపాఠశాల పిల్లలు పుస్తకం ముట్టకుండా గంటలకొద్దీ వల్లిస్తారు. అలాంటి చోట కాపురముంటూ నేను హోమర్‌ను ఎంచుకోవడంలో సాహిత్యాభిమానం ఎంత, జాగ్రత్త ఎంత? అథీనాకు ఇక్కడ గుడి లేదు. జూస్ మీద జోకు వేస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు. సృజనాత్మకత అని నేను మురిసిపోయేదాంట్లో సగం ఈ భద్రతేనని అనుమానం.

తెలుగులో మన ఇతిహాసాలను అలా తిరగరాసినవాళ్లు లేక కాదు. త్రిపురనేని రామస్వామి శంబూకుడి పక్షాన నాటకం రాశారు. రంగనాయకమ్మ రామాయణాన్నే విషవృక్షమన్నారు. ఓల్గా 'విముక్త'లో సీతను శూర్పణఖ దగ్గరికి నడిపించారు, దానికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సెమినార్లలో ఈ పుస్తకాలను మెచ్చుకుంటూ మాట్లాడినవాణ్నే. క్లాసులో ప్రాజెక్టుగా ఇవ్వడం దగ్గర ఆగిపోయాను. ప్రిన్సిపాల్ వద్దన్నాడా? లేదు. తల్లిదండ్రులెవరైనా గొడవ చేశారా? అదీ లేదు. ఎవరూ వద్దనకముందే నాకు నేనే వద్దని చెప్పుకున్నాను.

అలా ఉండగా పుత్తూరు వైపు పిల్లవాడొకడు, "మా ఊర్లో భారతం పెట్టినారు సార్, మా తాత దుర్యోధనుడి వేషం కడతాడు, రాండి" అంటే వెళ్లాను. ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు ఇది కొత్త కాదు. ద్రౌపదమ్మ గుడి ముందర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జున తపస్సునాడు వేషగాడు పొడుగాటి తపసుమాను ఎక్కి నిమ్మకాయలు, విభూతి విసురుతుంటే పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. చివరిరోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ తొడ విరగ్గొడతారు, ద్రౌపది జుట్టు ముడుస్తుంది, సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు.

నేను కూర్చున్న రాత్రి జూదం ఘట్టం. నాటకంలో హాస్యగాడు ధర్మరాజును వదల్లేదు. పెండ్లాన్ని పందెం ఒడ్డినోడివి నువ్వేం ధర్మరాజువయ్యా, అప్పులోళ్లకు భయపడి ఊరిడిచినోడే నయం కదా అన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఎవరూ నొచ్చుకోలేదు. ఆ నవ్విన ఆడవాళ్లే చివరిరోజు ద్రౌపదమ్మకు పసుపునీళ్లు పోసి గుండం దగ్గర చేతులు జోడించారు.

మొక్కు ఉన్నచోట ఆట ఉండదనుకున్నాను. ఆ ఊరివాళ్లు అలా అనుకోలేదు. హోమర్ కూడా అనుకోలేదు. అదే దెమోదోకస్ ఒడిస్సీలో ఇంకో పాట పాడతాడు. ఏరీస్, ఆఫ్రొడైటీ దొంగచాటుగా కలుసుకుంటే ఆమె మొగుడు ఇద్దరినీ వలలో బిగిస్తాడు, మిగతా దేవుళ్లు చుట్టూ నిలబడి నవ్వుతారు. ఆ పాట విన్న గ్రీకులు ఆ దేవుళ్లకే బలులిచ్చినవాళ్లు. అంటే నా జంకు ఇతిహాసానిదీ కాదు, ఊరిదీ కాదు. చదువుకుని ఉద్యోగంలో కుదురుకున్న నాలాంటివాళ్లది.

ఈ సెమిస్టర్‌కు ప్రాజెక్టు పత్రం మార్చాను. ఒడిస్సీ గానీ, మీ ఊరి భారతం గానీ, రెంటికీ ఒకే స్వేచ్ఛ, ఒకే మార్కులు అని రాశాను. నోటీసు బోర్డులో ఇంకా పెట్టలేదు. ఎక్కడైనా పాఠం చెప్పే మిత్రులు ఇలాంటి పని ఇప్పటికే చేసి ఉంటే పిల్లలు ఏం రాసుకొచ్చారో, మీరెలా దిద్దారో దయచేసి నాకు రాయండి.