వీధికి కారణం అక్కర్లేదా?

వరంగల్ స్టేషన్‌లో సంచితో నిలబడ్డ ఆడమనిషిని గంజాయి అనుమానంతో ఆపితే, ఆ అనుమానం ఎక్కడ రాసి ఉంటుంది? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఇంటి సోదాకైతే అందిన సమాచారాన్ని రాతలో పెట్టమంటుంది (42వ సెక్షన్). బహిరంగ స్థలంలో 'నమ్మడానికి కారణం' ఉంటే చాలు, రాయనక్కర్లేదు (43). ఆడవాళ్ళ ఒంటిని ఆడవాళ్ళే సోదా చేయాలన్న 50వ సెక్షన్ రక్షణ చేతిసంచికి లేదని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది.

సాహిత్యం చదువుకున్న నాకు ఆ 'కారణం' దగ్గరే చూపు ఆగింది. ఇల్లు గౌరవం, వీధి అనుమానం అని మనకు నూరిపోసిన నీతే ఇక్కడ చట్టమైంది. మరి వీధే బతుకుతెరువైన స్త్రీల మాటేమిటి? పొట్లం దొరికితే అనుమానానికి న్యాయం దొరికినట్టేనా? దొరకనప్పుడు ఆ అవమానానికి జవాబెవరిది? కారణం సోదాకి ముందే ఉండాలి. దాన్ని రాయమని అడగడం నేరాన్ని వెనకేసుకురావడం కాదంటాను.