అంశానికి వెలుపల

మాదాపూర్ ప్రాంతంలోని ఒక బడికి చిత్రలేఖనం పోటీ న్యాయనిర్ణేతగా వెళ్ళాను. అంశం ఆడపిల్లల చదువు. చాలామంది పుస్తకం పట్టుకుని నవ్వే పాపనే వేశారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం, సగం లేచిన అద్దాల మేడ ముందు తట్ట మోస్తున్న తల్లినీ, యూనిఫాంలోనే తమ్ముడి చీర ఉయ్యాల ఊపుతున్న పిల్లనీ వేసింది. 'అంశానికి సంబంధం లేదు' అని రాసి మార్కులు తగ్గించాను.

ఇంటికొచ్చాక గానీ తట్టలేదు, అంశానికి అంతకన్నా దగ్గరగా వచ్చిన బొమ్మ మరొకటి లేదని.

పోటీలు వద్దని అనను. 1998లో సైబర్ టవర్స్ వెలిసిన ఈ నేలమీద, డబ్బు కట్టి కళలు నేర్చుకోలేని పిల్లలకు బడిలో దొరికే వేదిక చిన్నదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం 2015లో హైస్కూలు, ఇంటర్ వయసు పిల్లల కోసం 'కళా ఉత్సవ్' మొదలుపెట్టింది. ఆ ఏడాది అంశం 'బేటీ బచావో, బేటీ పఢావో'. మంచి అంశమే. కానీ వేదికా మనదే, అంశమూ మనదే, జవాబూ మనం అనుకున్నదే కావాలంటే ఇక ఆ పిల్ల చెప్పేదేముంది?

ముద్దుపళని కావ్యాన్ని వీరేశలింగం కొలిచిన కొలబద్దను తప్పుపడుతూ సిద్ధాంతవ్యాసం రాసినదాన్ని నేను. ఆ రోజు నా చేతిలో ఉన్నదీ కొలబద్దే.