శిథిల సమాధి

ఈ రెండు మాటలు వింటే ఇవాళ్టి తెలుగువాడికి గోల్కొండ దాపున గడ్డి మొలిచిన ఏ గోరీయో గుర్తొస్తుంది. కాళిదాసు మాత్రం వీటిని ఒక చిత్రకారుడి మీద నిందగా వాడాడు. ‘మాళవికాగ్నిమిత్రం’ రెండో అంకంలో మాళవిక నాట్యం చెయ్యడానికి వస్తుంది. అగ్నిమిత్ర మహారాజు అంతవరకూ ఆమెను బొమ్మలోనే చూశాడు. ఆ బొమ్మలో ఉన్నంత అందం మనిషిలో ఉంటుందో ఉండదోనని లోలోపల బెంగపడ్డాడు కూడా. తీరా మనిషిని చూశాక లెక్క తలకిందులైంది. గీసినవాడి సమాధి సడలి ఉంటుందనుకున్నాడు.

తిట్టులోని మెలిక చూడాలి. చెయ్యి తిరగలేదనలేదు, రంగులు కుదరలేదనలేదు. ధ్యానంలో పట్టు జారిందన్నాడు.

చిత్రకారుడు కనబడితే చాలు, ‘మీకు ప్రేరణ ఏమిటి?’ అని అడగడం ఇప్పుడు ఆనవాయితీ. ప్రేరేపించడమంటే తోయడం. ఎక్కడినుంచో ఎవరో తోస్తే తప్ప బొమ్మ పుట్టదన్న నమ్మకం ఆ ప్రశ్నలోనే ఉంది. పాత శాస్త్రాలు దీన్ని ఇంకోలా చూశాయి. ప్రతిమ చేసేవాడికి ధ్యానాన్ని మించిన దారి లేదని, ఎదురుగా కళ్లతో చూడటం కూడా దానికి సాటిరాదని శుక్రనీతిసారం చెబుతుంది. ధ్యానశ్లోకాల పని అదే. ఏ దేవతకు ఎన్ని చేతులు, ఏ చేతిలో ఏ ఆయుధం, ఒంటి రంగేమిటి అన్నీ అందులో ఉంటాయి. పూజారి జపానికీ, శిల్పి పనికీ అదే శ్లోకం.

ఆనంద కుమారస్వామి ఈ ‘శిథిల సమాధి’ని చాలా గట్టిగా పట్టుకున్నాడు. 1877లో కొలంబోలో పుట్టి, భూగర్భశాస్త్రం చదివి, రాళ్లూ ఖనిజాలూ వెతుకుతూ కళాచరిత్రలోకి వచ్చిపడ్డ మనిషి. 1934 నాటి ‘ది ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్’లో భారతీయ చిత్రకారుణ్ణి దాదాపు యోగిని చేసేశాడు. అది చదివితే మన చిత్రకారులంతా కళ్లు మూసుకునే కూర్చున్నారేమో అనిపిస్తుంది. అంతలా సాగదీయక్కర్లేదు. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో వజ్రుడనే రాజు ప్రతిమలు చెయ్యడం నేర్పమని మార్కండేయుణ్ణి అడుగుతాడు. దానికి ముందు చిత్రలేఖనం రావాలంటాడు ముని. అది రావాలంటే నాట్యం తెలియాలి, నాట్యానికి వాద్యం, వాద్యానికి గానం. రాజు ఒకటి అడిగితే ముని నాలుగు చెప్పాడు. ఆపైన పెట్టిన పరీక్ష ఇంకా గట్టిది: గాలికి అలలూ, మంటా, పొగా, జెండా ఎలా కదులుతాయో గీయగలగాలి, నిద్రపోయే మనిషికీ చనిపోయిన మనిషికీ తేడా బొమ్మలో తెలియాలి. కళ్లు మూసుకుంటే ఇవి దొరకవు. జీవితమంతా చూడాలి, గీసేటప్పుడు చూడటం మానాలి.

శ్రీకాళహస్తి కలంకారీలో ఈ తత్వం చేతికి తగులుతుంది. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెడతారు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు లేతగా రూపం వేసుకుంటారు. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల; దాని నడుముకు ఉన్నో గుడ్డపీలికో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ముద్దను వేళ్లతో నొక్కినకొద్దీ మొనలోకి రంగు దిగుతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి వారాల తరబడి పులియబెడతారు. ఆ నీళ్లు కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే ఇనుమూ వగరూ కలిసి గీత నల్లబడిపోతుంది. ఇక దిద్దుకోవడం లేదు. రాముడి ముక్కు వంకరపోతే ఆ వంకర ముక్కు రాముడే మిగులుతాడు. ఇంత ఓపికపట్టే మనిషిని ‘ప్రేరణ ఎప్పుడొచ్చింది’ అని అడిగితే ఏం చెబుతాడు? కుండలో నలుపు తయారైనప్పుడు అంటాడేమో. పైగా ఈ విద్య నిలవడం వెనక దైవప్రేరణతో పాటు ఒక హస్తకళల బోర్డు కూడా ఉంది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ లక్ష్మయ్య అక్కడ నేర్పాడు. ఆయన కొడుకు గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మ పూర్తయ్యాక అది ఎవరిది? కుమారస్వామి పుట్టిన సింహళంలో దీనికి ఒక భయంకరమైన జవాబుంది. బుద్ధ విగ్రహానికి కళ్లు దిద్దే చిత్రకారుడు విగ్రహం వైపు తిరగడు. అద్దంలో చూస్తూ దిద్దుతాడు. ఆ తొలిచూపు తగలకూడదు. తర్వాత అతని కళ్లకు గంతలు కట్టి బయటికి నడిపించుకెళతారు. గంతలు విప్పగానే చూపు దేనిమీద పడుతుందో దాన్ని కత్తితో కొట్టాలి. తన చేత్తో గీసిన చూపుకే తను తప్పుకోవాలన్నమాట.

ఇక మన కాలపు చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా. 1922లో మధ్యప్రదేశ్ మండ్లా ప్రాంతంలో పుట్టాడు. బళ్లో కుదురులేని పిల్లాడు. విసిగిన పంతులు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడు. పంతులు కోరింది అల్లరి తగ్గడమే అయ్యుంటుంది. రజా 1950లో ఫ్రాన్స్ వెళ్లాడు, పల్లెలూ చర్చిలూ గీశాడు, పేరు తెచ్చుకున్నాడు. ఆ చుక్క మాత్రం 1970ల చివర్లో బిందువై, కాన్వాసు నిండా నల్లగా తేలింది. ముస్లిం ఇంట పుట్టిన ఆయన దాన్ని సృష్టి బీజమన్నాడు. నలభై ఏళ్లకు పైగా ఆ చుక్క ఎక్కడుంది? ధ్యానం మనిషికి తెలియకుండానే సాగుతుందేమో. చిత్రకారుడు తోట వైకుంఠం కూడా బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకుని, తిరిగి కరీంనగర్ పల్లె ఆడవాళ్ల దగ్గరికే, చిన్నప్పుడు చూసిన తల్లి దగ్గరికే వచ్చాడు. ఆయన గీసే నిండు బొట్లకూ ముదురు రంగు చీరలకూ శాస్త్రంలో ధ్యానశ్లోకం లేదు.

కాళిదాసు చిత్రకారుడికి న్యాయం జరిగిందా అన్నది మిగిలింది. మొదటి అంకంలోకి వెళితే సంగతి తెలుస్తుంది. చిత్రశాలలో రంగులు కొత్తగా మెరుస్తున్న ఆ బొమ్మ అసలు మాళవికది కాదు, ధారిణీ మహారాణిది. మాళవిక ఆమె పక్కన పరివారంలో ఒకతె. చిత్రకారుడి ధ్యానమంతా రాణి మీద ఉండాలి, ఉండే ఉంటుంది. చూపు జారింది రాజుగారిది. నాట్యాచార్యులిద్దరికీ కాళిదాసు రంగం మీద పోట్లాడుకునే అవకాశం ఇచ్చాడు. ఆ చిత్రకారుడు అయిదంకాల్లో ఒక్కసారీ కనబడడు.