మేలు అందరిదీ, నష్టం ఒకరిదేనా?
పోలియో చుక్కలు కోట్ల మంది పిల్లల్ని కాపాడాయి. ఎక్కడో అరుదుగా ఒక బిడ్డకు ఆ చుక్కల్లోని వైరస్ వల్లే కాలు చచ్చుబడింది. దాన్ని కర్మ అనేసి తప్పుకోవచ్చా? కర్మ సిద్ధాంతం బాధితుడికి ఓర్పునివ్వవచ్చు గానీ, మేలు పొందినవాళ్ల బాకీని కొట్టివేయదు. సమాజం అడిగితేనే గదా ఆ తల్లి బిడ్డ నోరు తెరిపించింది! పశ్చిమ జర్మనీ 1961లోనే ఈ బాకీని చట్టంలో ఒప్పుకుంది. బ్రిటన్ 1979 నాటి చట్టం కింద టీకా వల్ల నష్టపోయినవారికి 1,20,000 పౌండ్లు ఇస్తుంది. అయితే వైకల్యం 60 శాతం ఉండాలి. 59 అయితే పైసా రాదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

పరిహారమిస్తే టీకాలంటే భయం పెరుగుతుందని కొందరి వాదన. నష్టాన్ని దాచారన్న అనుమానమే అంతకన్నా ఎక్కువ భయపెడుతుంది. కారణం రుజువు కావడం కష్టమన్నది నిజమే. అయినా ఆ భారం మంచాన పడ్డవాడి మీద మోపకూడదు. మన దేశంలో మాత్రం కోవిడ్ టీకా తర్వాతి మరణాల కేసులో, 2022లో, కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పిన దారి సివిల్ కోర్టు. బిడ్డను పోగొట్టుకున్న కూలీ కుటుంబం ఆ మెట్లు ఎక్కగలదా?