ఉన్నచోట ఉండమనే హక్కు

1942లో బర్మాలోని రంగూన్ నుంచి కాలినడకన ఇళ్లకు బయల్దేరిన తెలుగువాళ్ల మాట రాగానే మా మిత్రుడు పెదవి విరిచారు. ఆయన తహశీల్దారుగా రిటైరయ్యారు, తుపానులెన్నో చూసినవారు.

"బాంబులు పడ్డాయని అడవుల్లో పడి నడవడం తెలివంటారా? తుపాను రాత్రి మేం చెప్పేది ఒకటే, ఉన్నచోట ఉండండని."

"చెప్పినచోట గంజి కాచేవారా?"

"కాయకుండా ఎలా చెప్తామండీ?"

"నేననేదీ అదే. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవులో బస్తాలు మోసేవాళ్లు, రిక్షాలు లాగేవాళ్లు, వీధులూడ్చేవాళ్లు ఐరావతి ఒడ్డునున్న ప్రోం ఊరి దారి పట్టారు. కోరంగివాళ్లని పిలిచే మనవాళ్లు అందులో ఎందరో. వీళ్లు పోతే రేవు ఆగిపోతుందని దొరల దిగులు. ప్రోం దగ్గర ఐరావతి దాటనివ్వకుండా ఆపారు. ఆపినచోట కలరా వచ్చింది. ఎవరి క్షేమం కోసం ఆపినట్టు?"

"ఆపడం స్వార్థమే. అంతమాత్రాన నడక మంచిదవుతుందా? ప్రోం దాటాక వచ్చే టంగుప్ కనుమలో ఎందరు పోయారు! టోక్యో చూడండి. 2011 భూకంపానికి రైళ్లాగిపోతే జనం రాత్రంతా ఇళ్లకు నడిచారు. ఆ తర్వాత, వెంటనే బయల్దేరవద్దని ఆ నగరం నిబంధనే పెట్టింది."

"2013 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఉద్యోగుల కోసం మూడు రోజుల తిండీ నీళ్లూ కంపెనీలు నిల్వ ఉంచుకోవాలనీ అందులోనే ఉంది. రంగూన్‌లో ఆ రెండో సగం లేదు."

"మరి ఇంటి దగ్గర అన్నం ఉందా? లేకే కదా సముద్రం దాటారు?"

ఈ ప్రశ్న బరువైనదే. "లేదండి. అప్పుచేసి ఓడెక్కినవాళ్లే. కాని మేస్త్రీ పుస్తకంలో వాళ్లది హాజరు లెక్క. మనిషి రాకపోతే ఆ పూట కూలీ కొట్టేస్తాడు, అంతే. ఊళ్లో అయితే ఏమయ్యాడని ఆరా తీస్తారు."

"ఆరా కోసం ప్రాణం పణం పెడతారా?"

"లక్షలాది భారతీయులు అలా నడిచారు. అందరికీ మతి తప్పిందంటే నేను నమ్మను. అంతదూరం ఎందుకు, 2020లో లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. హైదరాబాద్ లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీలతో మొదటి శ్రామిక్ రైలు కదిలింది మే 1న. ఈలోగా పనీ కూలీ లేక, నెత్తిన మూటలతో మేడ్చల్ రోడ్డు ఎక్కినవాళ్లను మీరైతే ఏమని ఆపుతారు?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"బియ్యం చేతిలో లేకుండా ఆగమని అననండి. నడవమనీ అనలేను. చంటిపిల్లలున్నారు కదా వాళ్లతో."